గుంజకు కట్టిన పడవ

నా చదువు ఏడో తరగతి. ఏడోది రెండేళ్ళు చదివాను కాబట్టి, ఎవరైనా ఎంతవరకు చదివావని అడిగితే తడుముకోకుండా ఎనిమిది అంటాను. ఈ లెక్క తప్పని ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. పట్టుకునేంత చదువుకున్నవాళ్ళు నాతో మాట్లాడరు. ఆ ఎనిమిదేళ్ళలో, బరువు దిగితే పడవ పైకి తేలుతుందన్న పాఠం ఏదో ఒక రోజు వచ్చే ఉంటుంది. ఆ రోజు నేను బడిలో లేను. బడి వెనక బావిలో ఈదుతున్నాను.

రావలసిన పాఠం రాక, వచ్చిన ఈత పనికిరాక, ఒక మధ్యాహ్నం సోమశిల దగ్గర కృష్ణ నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి, మా అత్త కూర్చున్న పడవ దూరమైపోతుంటే చూశాను. చూడడం తప్ప ఏమీ చేయలేదు. దాని గురించే రాస్తున్నాను.

నాది పెబ్బేరు సంతలో పశువుల బేరాలు కుదిర్చే పని. అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ తువ్వాల కింద దాచి, వేళ్ళు నొక్కి ధర చెబుతాం. పక్కవాడికి ఏమీ తెలియదు. వేళ్ళది సగం పని, మిగతా సగం నోటిది. ముసలి ఎద్దును అనుభవమున్న ఎద్దు అంటాను, తన్నే బర్రెను చురుకైన బర్రె అంటాను. ఇవన్నీ విని జనం నవ్వుతారు గాని నమ్మరు. "నాది పూచీ" అంటే మాత్రం నమ్ముతారు. అందుకే ఆ మాట ఊరికే వాడను. ఏడాదికి రెండు మూడుసార్లు అంటానేమో. ఆ ఏడు అందులో ఒకటి మా అత్త మీద ఖర్చయింది.

ఆమె నాకు రెండు విధాలా అత్త. మా నాయనకు చెల్లెలు, నా భార్యకు తల్లి. బిజినేపల్లిలో ఉంటుంది. నేను అల్లుణ్ణయ్యాక కూడా ఆమె నన్ను "ఏమ్రా" అనడం మానలేదు, నేను ఆమెను ఆటపట్టించడం మానలేదు. ఆమెకు నీళ్ళంటే భయం. మాది మెట్ట ప్రాంతం. అత్త కాలం ఆడవాళ్ళు నీళ్ళ కోసం ఎంతో దూరం నడిచారు గాని, నీళ్ళలో ఎప్పుడూ నడవలేదు. బీచుపల్లికి తీసుకుపోయినా సరే, నదిలో దిగకుండా పై మెట్టు మీద కూర్చుని చెంబుతో నెత్తిన పోయించుకుని, "అయింది పా" అని లేచి వచ్చేది.

పడవ ప్రయాణం ఆలోచన మా బామ్మర్దిది. గద్వాలలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది వాడికి. ఒకనాడు బిజినేపల్లిలో అందరం కూర్చుని ఉండగా ఫోను నా ముక్కుకు ఆనించి వీడియో చూపించాడు.

"బావా, గోవా దాక పోవుడెందుకు, మన సోమశిల కాడనే ఉన్నది సూడు. పొద్దుగాల ఎక్కితే మాపటికి దింపుతడు. నడుమ నడుమ ఆపుతడంట, ఈత కొట్టొచ్చు. ఎండలకు నీళ్ళు తగ్గినయి గదా, నడిమిట్ల దిబ్బలు తేలినయి. గా ఇసుక సూడు!"

"మీరు పోయి మునుగుర్రి. నేను రాను" అంది అత్త, చాటలో బియ్యం మీంచి తల ఎత్తకుండా.

"అత్తా, భయమైతే జెప్పు, పడవ కింద రోడ్డేపిస్త" అన్నాను.

"ఎయ్యిరా. ఏసినంక పిలువు, వస్త."

నిజానికి ఆమె రాకపోయినా ప్రయాణం ఆగదు. కాని కాదన్నవాడి చేత అవుననిపించడమే కదా నా పని. చేతులు ఊరుకోలేదు. భుజం మీది తువ్వాల తీసి ఆమె చేతి మీద కప్పి, కింద నాలుగు వేళ్ళూ పట్టి నొక్కాను. "తీస్కపోయేది నేను, తీస్కొచ్చేది నేను. నాది పూచీ. సౌదా అయింది."

"నన్ను గూడ బర్రెను జేసినవు గదరా" అంది అత్త. నవ్వింది. అంటే వస్తుందన్నమాట.

నా భార్య నవ్వలేదు. "పూచీ అన్నవు, యాదుంచుకో" అంది.

పడవ మరీ పెద్దది కాదు. తేలికపాటి ఫైబరు పడవ, వెనక చిన్న ఇంజను. నడిపే ఆయన నాకంటే పెద్దవాడు, చేపలు పట్టేవాళ్ళ మనిషి, మాట తక్కువ. ఎక్కగానే అందరికీ నారింజ రంగు కోట్లు ఇచ్చాడు, నీళ్ళలో పడితే తేలేవి. అత్త తనది రెండుసార్లు బిగించుకుని, అక్కడక్కడా లాగి చూసుకుంది. నేను తొడుక్కోలేదు.

"అన్నా, నేను బాయిల పుట్టిన. నాకెందుకు?"

"బాయి వేరే, ఇది వేరే తమ్మీ" అన్నాడు ఆయన. అంతకుమించి బతిమాలలేదు. కోటు తీసి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

మొదటిసారి నీళ్ళ మధ్యలో ఒక బండ పక్కన ఆపాడు. నల్లమల కొండలు ఆవలి గట్టున నీలంగా ఉన్నాయి. నీళ్ళు కదలడం లేదు, అద్దంలా ఉన్నాయి. బామ్మర్ది కోటు తొడుక్కునే దిగి, బండ పట్టుకుని సెల్ఫీ తీసుకుంటున్నాడు. నేను చొక్కా విప్పి, పడవ అంచు మీంచి దూకాను. దూకడం బాగా దూకాను. ఈదడమూ బాగానే ఈదాను, పది బారలు.

మా బావిలో ఎటు ఈదినా పది బారలకు గోడ తగులుతుంది. గోడ పట్టుకుంటాం, ఊపిరి తీసుకుంటాం, మళ్ళీ కాలితో తన్ని ఇటు వస్తాం. ఈతంటే గోడ నుంచి గోడకు పోవడమని నా చేతులు నేర్చుకున్నాయి. ఇక్కడ పదకొండో బారకు చెయ్యి గోడ కోసం చాచింది. గోడ లేదు. అడుగు కోసం కాలు చాచాను. అడుగూ లేదు. చాలా దూరం వరకు ఏదీ లేదని ఒక్కసారి ఒళ్ళంతటికీ తెలిసింది. ఎట్లా తిరిగానో తెలియదు, వచ్చి పడవ అంచు పట్టుకున్నాను.

"నీళ్ళు జర సల్లగున్నయి" అన్నాను పైకి.

ఎవరూ పట్టించుకోలేదు. అత్త ఒక్కతే నా వేళ్ళ వైపు చూసింది. అంచును నేను ఎట్లా పట్టుకున్నానో చూసింది.

"ఏమ్రా, పది బారలకే మళ్ళినవు?"

"నిన్ను ఇడ్సిపెట్టి దూరం పోబుద్ధి గాలే అత్తా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో నా భయాన్ని అక్కడే నీళ్ళలో వదిలేసి వచ్చాననుకున్నాను.

తర్వాత దిబ్బ. ఫోనులో చూసినట్టే ఉంది. మెత్తని ఇసుక, నడుమ చిన్న గుట్ట, గుట్ట వెనక తుమ్మ పొదలు. నీటి అంచున ఎండిపోయిన పాత చెట్ల మోళ్ళు ఇసుకలోంచి గుంజల్లా లేచి ఉన్నాయి. పడవ ముక్కు ఇసుకలోకి దూసుకుపోయి గర్రున ఆగింది. పొద్దున కొనుక్కున్న చేపలు అక్కడే వండుకోవాలని అనుకున్నాం. దిగేవాళ్ళు కోట్లు విప్పి పడవలోనే వేశారు, సామాను దించాం: పొయ్యికి మూడు రాళ్ళు, గిన్నెలు, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా. కట్టెల కోసం పడవాయన గుట్ట వెనక్కి పోతానన్నాడు. బామ్మర్ది కూడా వెంట బయలుదేరాడు.

"తాడు కట్టాలె" అన్నాడు పడవాయన.

"నేను గట్టనా? వారం వారం నలభై ఎద్దులను గడ్త. నువ్వు పో అన్నా."

"లంగరు గూడ ఇసుకల గుచ్చు" అని చెప్పి వెళ్ళాడు.

తాడు తీసుకుని ఒక మోడుకు కట్టాను. ఏ ముడి వేశానో చూసుకోలేదు. చేతులే వేశాయి. సంతలో పశువును గుంజకు కట్టేటప్పుడు ఒక ముడి వేస్తాం, కొస పట్టి ఒక్కసారి గుంజితే ఊడిపోయేది. కొనేవాడు వచ్చినప్పుడు గబుక్కున విప్పి నడిపించి చూపాలి కదా. నార తాడుకు అది ఆగుతుంది. పశువు రెండుసార్లు గుంజుతుంది, విసుగొచ్చి నిలబడుతుంది. ఇది తడిసిన నైలాన్ తాడు. నీళ్ళకు విసుగు రాదు.

లంగరు గుచ్చలేదు. పడవ ఇసుకలో అంత గట్టిగా కూరుకుని ఉంటే ఇంకా ఎందుకనుకున్నాను.

అత్త దిగలేదు. దిగాలంటే మోకాలి లోతు నీళ్ళలో కాలు పెట్టాలి. "నేను ఈడనే కూసుంట. వండినంక ఈడికే తెచ్చియ్యి" అంది. ఎండకు కోటులో ఉక్కపోస్తోందని మెడ దగ్గర లాక్కుంటోంది. నేనే దగ్గరికి పోయి పట్టీలు విప్పాను. "ఇసుక మీద ఆగినంక ఇదెందుకత్తా" అని దాన్ని మడిచి వీపు వెనక దిండులా పెట్టాను. "మహారాణి లెక్క కూసో."

నా భార్య ఒడ్డున కూర్చుని చేపలు కడుగుతోంది. నేను ఆమె ముందు నిలబడి, అత్త పడవెక్కినప్పుడు ఎట్లా వణికిందో చేసి చూపిస్తున్నాను. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఒక చేత్తో దేవుణ్ణి పట్టుకున్నట్టు. నా భార్య నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీంచి అటు చూసింది. నవ్వు ఆగింది.

"ఏందయ్య… పడవ."

తిరిగి చూశాను. మేం ఐదుగురం కూర్చుంటే ఇసుకలో కూరుకున్న పడవ, నలుగురం దిగి సామాను దించాక తేలికై ఎప్పుడో పైకి లేచింది. మధ్యాహ్నం గాలి మొదలైంది. మోడు దగ్గర తాడు కొస లేదు. అది పడవ వెనకే నీళ్ళ మీద పాములా పోతోంది. పడవ మాకు ఇరవై బారల దూరంలో ఉంది. అందులో అత్త నేను పెట్టిన దిండుకు ఆనుకుని, కొండలవైపు చూస్తూ కూర్చుని ఉంది. ఆమెకింకా తెలియదు.

పరుగెత్తాను. మోకాళ్ళ లోతు, నడుం లోతు, తర్వాత ఈత. ఒకటి, రెండు, ఐదు, పది. పదకొండో బార. చెయ్యి మళ్ళీ గోడ కోసం చాచింది. ఈసారి వెనక్కి రాకూడదని తెలుసు. ఇంకో రెండు బారలు వేశాను. పడవ నా ముందు నుంచి ఇంకో పది బారలు పోయింది. నోట్లోకి నీళ్ళు వచ్చాయి. కాళ్ళు కింద దేన్నో వెతుక్కుంటూ వెర్రిగా కొట్టుకున్నాయి. తిరిగాను. ఎట్లాగో ఇసుక తగిలేదాకా వచ్చి, మోకాళ్ళ లోతున నిలబడ్డాను.

అప్పటికి అత్త మా వైపు తిరిగింది. లేవబోయింది. పడవ ఊగితే మళ్ళీ కూలబడింది. నోరు తెరిచి ఏదో అంటోంది. గాలి మా వీపు వెనక నుంచి అటు వీస్తోంది. ఆమె మాట ఒక్కటీ మాకు రాలేదు.

"భయపడకత్తా! నేనున్న!" అని అరిచాను.

ఏం ఉన్నాను? ఎందుకు ఉన్నాను? నోటితో బతికినవాణ్ణి కాబట్టి నోరు దాని పని అది చేసింది. "కోటు తొడుక్కో! కోటు!" "లేవకు, కూసో!" "జర ఆగు, వస్తున్న!" అని అరుస్తూనే ఉన్నాను. ఆగమని ఆమెకు చెబుతున్నానా పడవకు చెబుతున్నానా నాకే తెలియదు.

ఫోను గుర్తొచ్చింది. సంచీ దగ్గరికి ఉరికి, నా ఫోను తీసి అత్తకు చేశాను. అదే సంచీలో అత్త ఫోను మోగింది. తడుస్తాయని పొద్దున అందరి ఫోన్లూ అందులో వేసింది నేనే.

నా భార్య అట్లాగే నిలబడింది. చేతికి చేప పొలుసు అంటుకుని ఉంది. తిట్టలేదు, ఏడవలేదు. "మా అమ్మ కోటు ఎవరు ఇప్పిన్రు?" అని మాత్రం అడిగింది.

"నేనే."

ఆమె మళ్ళీ పడవవైపు తిరిగింది.

పడవ అడ్డంగా తిరిగింది. ఆ దిక్కున నీళ్ళ రంగు వేరు. డ్యాం నీళ్ళు నిలవకముందు పాత నది పారిన లోతు అదని పొద్దున పడవాయన చూపించాడు. అక్కడ చిన్న చిన్న తెల్లటి అలలు లేస్తున్నాయి. ఈ తేలిక పడవ ఆ అలల్లో ఎట్లా నిలుస్తుందో నాకు తెలియదు. అత్తకు మోకాలి లోతు నీళ్ళంటేనే భయమని మాత్రం తెలుసు.

"పోయ్యి జూడు ఇంకొకసారి" అంది నా భార్య, నన్ను చూడకుండా.

"నాతోని గాదు" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. ఆమె వినలేదేమోనని, గాలికి ఎదురుగా అరిచినట్టు మళ్ళీ గట్టిగా అన్నాను. "నాతోని గాదు! నాకు రాదు!"

ఆ తర్వాత జరిగింది కొంచెం దూరంగా, చిన్నదిగా కనబడింది. పడవకు ముందు నీళ్ళ మీద ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతున్నాయి. ఎవరో చేపలవాళ్ళు వేసిన వల, పైతాడుకు కట్టిన సీసాలు అవి. పడవ ఆ వరస మీదికి పోయింది. అత్త అంచు మీదికి వంగింది. నా భార్య గొంతులోంచి సన్నని చప్పుడు వచ్చింది. అత్త ఒక సీసాను అందుకుంది, దానితో తాడును అందుకుంది. అందుకుని పడవ అడుగున కూలబడి, రెండు పాదాలూ అంచుకు తన్నిపెట్టి, వెనక్కి వాలింది. మొండి పెయ్యను లాగిపట్టే ఆడవాళ్ళు మా వైపు ఎట్లా కూర్చుంటారో అట్లా కూర్చుంది.

పడవ ఆగింది. నిజంగా ఆగలేదు, ముక్కు ఇటూ అటూ తిప్పుకుంటూ తాడును గుంజుతూనే ఉంది. కాని దూరం పోలేదు.

"పట్టుకో అత్తా! ఇడ్వకు!" అని అరిచాను. ఆమె చేస్తున్నదే ఆమెకు చెప్పాను.

గుట్ట మీదికి వచ్చిన పడవాయన పైనుంచే చూశాడు. బామ్మర్ది కట్టెలు పారేసి "అమ్మా" అంటూ పరుగెత్తి వచ్చి నీళ్ళలోకి పోబోయాడు. నేను పట్టుకున్నాను. వాడికి అసలే రాదు. "ఇడ్వు బావా, నీ యవ్వ, ఇడ్వు!" అని నా చెయ్యి కొరికాడు. వదల్లేదు. ఆ రోజు నేను చేయగలిగిన పని అదొక్కటే.

పడవాయన మోపు కింద పెట్టాడు. "ఎంతసేపైంది?" అని అడిగాడు. ఆయన గాలివైపు మొహం పెట్టి ఒక క్షణం నిలబడ్డాడు. నీళ్ళ డబ్బా మూత తీసి, మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ ఇసుకలో ఒంపేశాడు. మూత బిగించాడు. దాన్ని చంకలో పెట్టుకుని, పడవకు ఎదురుగా కాకుండా, దిబ్బ తోకవైపు, గాలి తనను పడవమీదికే తోసుకుపోయే చోటుకు నడిచాడు. పరుగెత్తలేదు. నాకు ఆయన్ని వెనక నుంచి తొయ్యాలనిపించింది. దిబ్బ కొసన నీళ్ళలో దిగి, డబ్బాను ఛాతీ కింద పెట్టుకుని, కాళ్ళు కొట్టుకుంటూ పోయాడు. మా బావిలో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు వీపుకు కట్టే డబ్బా అట్లాంటిదే. నాకది తీసేసిన రోజు ఊరంతా చెప్పుకున్నాను.

అది ఎంతసేపో చెప్పలేను. అత్త రెండుసార్లు ముందుకు జరిగింది, రెండుసార్లూ మళ్ళీ వెనక్కి వాలింది. మేం ముగ్గురం ఒకరినొకరు ముట్టుకోకుండా ఒకే చోట నిలబడ్డాం. కొంతసేపటికి అరవడానికి కూడా నా దగ్గర మాట లేకుండా పోయింది. సంతలో ఎవరికీ చెప్పలేదు గాని, అట్లా కావడం అదే మొదటిసారి.

పడవాయన తల అంచు దగ్గర లేచింది. ఇంజను చప్పుడు వినబడింది.

పడవ ఇసుకకు ఆనగానే నా భార్య, బామ్మర్ది ఎక్కేశారు. నేను తాడు పట్టుకున్నాను. పడవాయన నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని, తనే కట్టాడు, లంగరూ గుచ్చాడు.

అత్త అరచేతులు రెండూ ఒలిచినట్టు ఎర్రగా ఉన్నాయి. వేళ్ళు ఇంకా తాడు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. నేను తువ్వాల తడిపి ఆ చేతుల మీద కప్పాను. కింద ఆమె వేళ్ళను చాపాలని చూశాను. రాలేదు. ఏ వేలు నొక్కితే ఏం చెప్పినట్టో నాకంటే బాగా ఎవరికీ తెలియదు, కాని అప్పుడు ఏ వేలు నొక్కాలో తెలియలేదు.

"జర నీళ్ళుంటే తాపుర్రి" అంది అత్త. డబ్బాలో నీళ్ళు లేవు. పడవాయన దోసిలితో నదిలోంచి ముంచి ఇచ్చాడు. తాగింది. నేను దిండుగా పెట్టిన కోటును తనే తొడుక్కుంది. పట్టీలు నేను బిగించబోతే చెయ్యి అడ్డం పెట్టి కూతుర్ని పిలిచింది.

చేపలు వండలేదు. అట్లాగే ఒడ్డుకు తిరిగొచ్చాం.

వారం పాటు బిజినేపల్లికి పోలేదు. నా భార్య రోజూ ఫోనులో తల్లితో మాట్లాడి, "నయమైతుందంట" అని గోడకు చెప్పేది. ఎనిమిదో నాడు పోయాను. అత్త వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది, అరచేతులకు కొబ్బరినూనె, పసుపు. పక్కింటి ఆడవాళ్ళు ముగ్గురు కూర్చుని ఆ కథే పదోసారి వింటున్నారు. నన్ను చూసి మూతులు బిగబట్టారు. ఏదో ఒకటి అని నవ్వించకపోతే ఆ వాకిలి దాటి లోపలికి పోలేనని అర్థమైంది.

"ఏమత్తా, డ్రైవరు లేకుండనే పడవ నడిపినవంట?"

ఎవరూ నవ్వలేదు. నా గొంతు నాకే బాగోలేదు. పక్కన కూలబడి, ఈసారి నిజంగానే అడిగాను.

"అంతసేపు గా తాడును ఎట్ల పట్టినవత్తా? చేతులు పోతున్నా ఇడ్వకుండ… ఏ దేవుణ్ణి తల్సుకున్నవు?"

అత్త అరచేతుల మీద ఊదుకుంది.

"దేవుడెందుకు యాదికొస్తడురా? నీ మాటలన్ని నాకు ఇనబడ్డయి. 'నేనున్న' అన్నది ఇనబడ్డది, 'నాతోని గాదు' అన్నది గూడ ఇనబడ్డది. ఒడ్డుమీద ఉన్నది నువ్వని యాదికొచ్చినప్పుడల్ల ఇంకింత గట్టిగ పట్టిన."